టీ రంగు నీళ్లు

భార్య పోయే గంటలో మంచం పక్కకు రావలసిన మనిషి రాలేదు. కబురు అందినా రాలేదు. అది క్షమించే తప్పు కాదు. వడ్రంగి ఆ తీర్పు ఏడాది కిందటే ఇచ్చేశాడు.

అప్పటినుంచి కూతురి గడప తొక్కలేదు. ఈ ఆదివారం వచ్చాడంటే, చేపల కోసం వచ్చాడు. అమ్మ పెంచిన డ్వార్ఫ్ సిక్లిడ్ అనే చిట్టిచేపల్లో ఒక జంట కావాలనీ, గాజుతొట్టి అమర్చడం తనకు చేతకాదనీ కూతురు నెల రోజులుగా పోరుతోంది.

తొట్టి అడుగున రంగురాళ్లు చూసి మొహం చిట్లించాడు.

"ఇవి చేపలకా, నీ ముచ్చటకా?"

రాళ్లు తీయించాడు. సన్నటి ఇసుక పరిచాడు. ఈ చేపలు ఇసుకను నోట జల్లించుకుని తింటాయి. పట్టి ఉంచిన వాననీళ్లు పోశాడు. ఎండుటాకులు మరిగించి, చల్లార్చి, ఆ కషాయంతో సహా వంచాడు. ఇంటినుంచి తెచ్చిన పాత ఫిల్టరు స్పాంజి బిగించాడు. కన్నం కోసిన కొబ్బరిచిప్పను ఒక మూల బోర్లించాడు. నీళ్లు పలచటి టీ రంగుకు తిరిగాయి.

"అచ్చం అమ్మ తొట్టిలాగే ఉంది," అంది కూతురు.

అతను ప్లాస్టిక్ సంచి ముడి విప్పాడు. సంచిలోని జంటను మెల్లగా నీళ్లలోకి వదిలాడు. వేలెడేసి చేపలు. ఆడది చిప్పలోకి దూరి ఇల్లు చూసుకుంది.

"గుడ్లు పెట్టిందంటే పసుపు రంగు తిరుగుతుంది. ఇక మగదాన్ని దగ్గరికి రానివ్వదు, చీల్చేస్తుంది. ఇంత చిన్న తొట్టిలో అది పారిపోవడానికి చోటేది? వెంటనే తీసి వేరే నీళ్లలో వెయ్యాలి. గంట ఆలస్యమైతే దక్కదు."

"తెలుసు నాన్నా."

కూతురు తొట్టి మీద మూత సర్ది అతనివైపు తిరిగింది.

"ఇక్కడే ఉండిపోరాదూ. వెనక గది ఖాళీగానే ఉంది."

అతను చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడిచాడు.

"నేను మర్చిపోలేదు."

"అమ్మయితే ఎప్పుడో క్షమించేసేది."

"మీ అమ్మది మెత్తని మనసు. నాది కాదు."

"తెలియక జరిగినదానికి ఇంత శిక్షా నాన్నా?"

"తెలియకా? ఆస్పత్రి ఇరవై నిమిషాల దూరం."

కూతురు కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. ఏం చేస్తే నీ మనసు కరుగుతుందని అడిగింది. అతను ఆమె తల మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. ఆకులు నెలకోసారి మార్చమని చెప్పి, ఆ గదివైపు చూడకుండానే మెట్లు దిగాడు.

ఆ రోజు ఆస్పత్రిలో తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుని ఫోన్ మీద ఫోన్ చేసింది కూతురే. ఆ ఫోన్లు అందుకుని కూడా, ఇంట్లో మగచేపను పట్టి గిన్నెలో వేసేదాకా కదలని మనిషి తానేనన్న సంగతి వడ్రంగి ఇక జన్మలో ఎవరి దగ్గరా ఎత్తలేదు.