కదిలిస్తే పేలే రకం

"ఆపండి! ఆపండి బాబూ! గట్టులో బాంబుంది!"

మధుబాబు లుంగీ ఎగ్గట్టుకుని పొక్లెయిన్‌కు అడ్డంగా పరుగెత్తాడు. చెరువు గట్టును కొరకబోతున్న ఇనుప బకెట్టు గాల్లోనే ఆగిపోయింది. అభయారణ్యంలో చేపల చెరువులు ఉండకూడదని కోర్టు చెప్పి చాలాకాలమైంది. ఆ సంగతి కొల్లేటి కొంగలకు కూడా తెలుసు. మధుబాబు చెవికి మాత్రం ఇంకా చేరలేదు.

గట్టు కొట్టించడానికి వచ్చిన రేంజర్ శాలిని జీపు దిగింది.

"ఈసారి బాంబా మధుబాబుగారూ? మొదటిసారి స్టే తెచ్చారు, అది కోర్టు కొట్టేసింది. రెండోసారి ఎవరిచేతో ఫోను చేయించారు. మొన్నేమో ఆడవాళ్ళను తీసుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టారు."

"దేవుడి మీద ఒట్టండి మేడంగారూ. మీరే చూడండి."

చూసింది. మట్టిలోంచి తుప్పు పట్టిన ఇనుప తోక ఒకటి, నాలుగు రెక్కలతో బయటకు పొడుచుకొచ్చి ఉంది. శాలిని నాలుగడుగులు వెనక్కి వేసి ఏలూరుకు ఫోన్ చేసింది. మధుబాబు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ తోకా, మట్టిలో ఉన్న మిగతా బాంబూ తాడేపల్లిగూడెంలో వెల్డింగ్ షాపు నడిపే ఏసుకుమార్ చేతి పని. పనికిరాని ఆక్సిజన్ సిలిండర్‌కు రేకు రెక్కలు అతికించి, ఉప్పునీళ్ళు చల్లుతూ వారం రోజులు ఎండలో పెట్టి మరీ తుప్పు పట్టించాడు. మధుబాబుకు కావలసింది పది రోజుల గడువు. చెరువు నిండా కేజీన్నర తూగే బొచ్చె, శీలావతి చేపలు. పది రోజుల్లో వలలేసి పట్టుబడి. చేప లారీలెక్కాక గట్టు కొట్టుకుంటారో, నెత్తిన పెట్టుకుని ఊరేగుతారో వాళ్ళ ఇష్టం.

మధ్యాహ్నానికి బాంబు స్క్వాడ్ దిగింది. ఇన్‌స్పెక్టర్ ప్రసాదరావు మెత్తటి మనిషి, మాట అంతకన్నా మెత్తన. తోక చుట్టూ ఒకసారి తిరిగి, గోటితో తుప్పు గీకి చూసుకున్నాడు.

"ఇది ఇక్కడికెలా వచ్చిందంటారండీ?"

"నలభై రెండులో జపానోళ్ళ విమానాలు కాకినాడ మీద బాంబులేశాయి కదండీ. వాటిలో ఒకటి దారి తప్పి ఇటొచ్చి బరువు దించుకుని పోయిందంటండి. మా తాతగారు చెప్పేవారు."

"ఈ గట్టు వేసి పదేళ్ళన్నా కాలేదనుకుంటానండీ?"

మధుబాబు తడుముకోలేదు. "చెరువు తవ్వినప్పుడు అడుగు మట్టితో పైకొచ్చేసి ఉంటుందండి."

"ఆయ్, వచ్చే ఉంటుంది. ఇంతకీ ఏ రకమంటారు?"

అడగడమే ఆలస్యం. వారం రోజులుగా మధుబాబు ఫోనులో చదువుతున్నది అదే. చేపపిల్లల రకాలు చెప్పినంత తేలిగ్గా అందుకున్నాడు.

"నిప్పంటించే రకం కాదండి, అవి చిన్నవి, గుత్తులు గుత్తులుగా పడతాయి. ముక్కలై జనాన్ని కోసే రకమైతే ఒంటి నిండా గాట్లుండాలి. ఓడల ఉక్కు చీల్చుకెళ్ళే రకానికి గోడలు మందంగా, మూతి మొనదేలి ఉంటుంది. నేల తగలగానే పేలే మామూలు రకమైతే అప్పుడే పేలిపోయేది. ఇది ఆలస్యంగా పేలే రకమండి బాబూ. పైగా లోపల ఒక మెలిక పెడతారు. కదిలిస్తే పేలుతుంది."

"కదిలిస్తే పేలుతుందా!"

"ఖాయంగానండి. చెయ్యి వెయ్యకూడదు."

"మీకున్నంత జ్ఞానం మా స్క్వాడ్ మొత్తానికీ లేదండి," అని ప్రసాదరావు చేతులు జోడించాడు. మధుబాబు మునగచెట్టెక్కాడు. ఆ ఊపులోనే ఇన్‌స్పెక్టర్ చాపిన కాగితం మీద సంతకం పెట్టేశాడు. బాంబును తాను కళ్ళారా చూశానని, అది కదిలించడానికి వీల్లేని రకమని, తీసుకోబోయే చర్యకు చెరువు యజమానిగా తనకు అభ్యంతరం లేదని అందులో ఉంది. మూడో ముక్క దాకా మధుబాబు చదివితేగా!

స్క్వాడ్ వాళ్ళు ఇసుక బస్తాలు, పేలుడు మందు పెట్టెలు, వైర్లు మోసుకొచ్చారు.

"ఇవెందుకండీ? చుట్టూ తాడు కట్టి బోర్డు పెడితే చాలదాండీ?"

"కదిపితే పేలేదాన్ని కదపలేం కదండీ. ఉన్నచోటే పేల్చెయ్యాలి. గట్టు పోతుందనుకోండి. జనం ప్రాణాల ముందు గట్టెంతండీ?"

నిజం చెబితే కేసు, చెప్పకపోతే చెరువు. మధుబాబు తేలు కుట్టిన దొంగలా గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. మేత బస్తాలు వేలాడదీసిన వెదురు గెడల చుట్టూ చేపలు గుమిగూడి, నీళ్ళ పైకి మూతులు పెడుతున్నాయి. చంటిపిల్లల్లా సాకాడు వాటిని. ఏడుపొచ్చేసింది.

"అది బాంబు కాదండీ! ఉత్త సిలిండరండీ! గూడెంలో ఏసుకుమార్ చేత నేనే చేయించానండీ!"

"భయంలో ఎవరైనా ఇలాగే మాట్లాడతారండి," ప్రసాదరావు అతని భుజం తట్టాడు. "కాగితంలో బాంబని ఉంది, కింద మీ సంతకం ఉంది. ఇప్పుడు నోటిమాట నమ్మితే నా ఉద్యోగం పోతుంది."

ఇద్దరు కానిస్టేబుళ్ళు మధుబాబును చెరో రెక్కా పట్టుకుని దూరంగా లాక్కెళ్ళారు. విజిల్ మోగింది. ఢామ్మని నేల అదిరింది. లారీ పట్టేంత వెడల్పున గట్టు తెగి నీళ్ళు, ఆ నీళ్ళతో బొచ్చెలు, శీలావతులు కొల్లేట్లోకి దూకాయి. పొగ తగ్గకముందే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వలలతో దిగారు.

మధుబాబు బురదలో కూలబడ్డాడు. శాలిని వచ్చి మంచినీళ్ళ సీసా అందించింది. ఇక కేసు రాస్తుందేమోనని అతను సీసా వదిలేసి దణ్ణం పెట్టాడు.

"కేసేం లేదు, బెంగపెట్టుకోకండి," అంది. అటూ ఇటూ చూసి, పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"స్టేలున్న చెరువులు మాకింకా పదిహేడున్నాయండీ. ఆ ఏసుకుమార్‌గారి నంబరు కాస్త ఇవ్వరూ?"