గవరయ్య ఎత్తిన చెయ్యి

నలభై ఏళ్లుగా కబడ్డీ చరిత్ర రాస్తున్నాను. ఎవరి మాట రాసుకున్నా ఆ పేజీ కింద వాళ్లచేత సంతకం పెట్టించుకోవడం నా అలవాటు.

అనకాపల్లి గవరయ్య ఒక ఫైనల్లో చివరి కూతకు వెళ్లాడు. అతని పాదం హద్దు గీత దాటింది. రిఫరీ చూడలేదు. అయినా తానే చెయ్యెత్తి బయటికి వచ్చేశాడు, జట్టు ఓడిపోయింది. నా పుస్తకమంతా ఆ చెయ్యి గురించే.

ఇప్పుడు కెమెరాలు చూడని పాత ఆటలన్నిటికీ యంత్రాలు వీడియోలు తయారుచేసి పెట్టాయి. జనానికి అవే సాక్ష్యం. వాటిలో గవరయ్య గెలుస్తాడు. పుస్తకం దిద్దమని ప్రచురణకర్త కబురు పెట్టాడు.

నోట్‌బుక్ పట్టుకుని గవరయ్య ఇంటికి వెళ్లాను. గోడమీద తెరలో ఆ ఆటే నడుస్తోంది, ఇంటిల్లిపాదీ చూస్తున్నారు.

"ఆ రోజు మీరే చెయ్యెత్తారు కదండీ," అన్నాను.

"నానెందుకెత్తుతానమ్మా? సూడండి, గెలిసినాను కదా."

అప్పట్లో ఈ సంగతి చెప్పి పేజీ కింద అతను పెట్టిన సంతకం చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నాది కాదమ్మా," అన్నాడు మర్యాదగానే.

గోడమీద చివరి కూత మొదలైంది. గవరయ్య కుడిచెయ్యి ఒళ్లోంచి మెల్లగా భుజం దాకా లేచింది. ఎందుకు లేచిందో తెలియనట్టు దానివంక చూసి, రెండో చేత్తో పట్టుకుని కిందికి దించేశాడు.