కునుకు పట్టిన సీటు

ఆ ఉదయం పెయింట్ల వ్యాపారి చేతిలో ఉన్నవి మూడు: కారు కొనడానికి సరిపడా డబ్బు, ఇంకా నడుస్తున్న పాత కారు, ఎనిమిది నెలలుగా నిద్రపోనివ్వని నడుము నొప్పి.

మూడోదాన్ని వదిలించుకోవడానికి మొదటిది ఖర్చుపెట్టాలని అతని లెక్క.

పాత కార్లు అమ్మే యార్డులో అప్పటికే ఏడు బండ్లు ఎక్కి దిగాడు. ఒకటి మరీ కిందికి ఉంది, తలుపు పట్టుకుని లేవాల్సి వచ్చింది. ఒకదాని సీటు చెక్కపలకలా ఉంది. ఇంకోదానిలో క్లచ్ తొక్కినప్పుడల్లా నొప్పి నడుము నుంచి మడమ దాకా తీగలా లాగింది.

ఎనిమిదోది బూడిదరంగు కారు.

కూర్చోగానే నడుము వెనక ఎవరో అరచెయ్యి ఆనించినట్టయింది. నొప్పి లేదు. వెతికినా దొరకలేదు.

కళ్లు తెరిచేసరికి భార్య భుజం తడుతోంది.

"ఏమండీ, గురక పెడుతున్నారు. జనం చూస్తున్నారు."

పావుగంట నిద్రపోయాడట. పట్టపగలు, ఎండలో, అమ్మకానికి పెట్టిన బండిలో. ఎనిమిది నెలల్లో అంత నిద్ర అతనికి మంచం మీద కూడా దక్కలేదు.

కారు పక్కన ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మాసిన చొక్కా, మొద్దుబారిన వేళ్లు. వ్యాపారి దిగగానే వంగి సీటు అంచున కుట్టు వెంట వేలు పోనిచ్చాడు.

"కునుకు పట్టిందా?" అని అడిగాడు.

"బ్రహ్మాండంగా పట్టింది."

ముసలాయన మొహం పాలిపోయింది. "అయితే ఈ బండి కొనకండి."

వ్యాపారి లోపల నవ్వుకున్నాడు. ముప్పై ఏళ్లుగా కొట్లో చూస్తున్నాడు. డబ్బా చేత్తో పట్టుకుని రంగు బాగాలేదనే మనిషి, ఆ డబ్బా కొనకుండా మెట్టు దిగడు.

యార్డు యజమానిని చాటుగా అడిగితే అతనూ అదే చెప్పాడు. ఆ ముసలాయన రెండు నెలలుగా రోజూ వస్తాడట. ఆ కారు పక్కనే నిలబడతాడట. డబ్బు సర్దుకుంటున్నాను, ఎవరికీ అమ్మవద్దంటాడట. వచ్చినవాళ్లకి వంకలు చెప్పి పంపేస్తాడట.

"నా యార్డుకి పట్టిన శని సార్."

వ్యాపారికి లెక్క కుదిరింది. ఇంతగా కాపు కాస్తున్నాడంటే సరుకు మంచిదే.

డ్రైవరు వైపు తలుపు రంగు మిగతా బండికన్నా ఒక వాసి కొత్తగా ఉందని అతని కంటికి ముందే ఆనింది. ఎందుకు వేశారని అడగలేదు. వేసినందుకు పదిహేను వేలు తగ్గించమన్నాడు.

యజమాని ఒక్క మాట అనకుండా తగ్గించాడు. అలా తగ్గించడం భార్యకు నచ్చలేదు.

ముసలాయన కాగితాలు రాసే బల్ల దాకా వెంటబడ్డాడు. మీ పాత బండి సీటునే మీ నడుముకి సరిపడేలా చేసి పెడతాను, పైసా వద్దన్నాడు. ఉచితం అనగానే జేబు తడుముకునే మనిషి వ్యాపారి.

"పది రోజులు ఆగండి సార్. మీరిచ్చేదానికి పైన వేసి నేనే కొంటాను. మా అబ్బాయి..."

"మీ అబ్బాయికి ఇంకో బండి చూడండి పెద్దాయనా," అంటూ వ్యాపారి సంతకం పెట్టేశాడు.

ముసలాయన వ్యాపారి భార్య వైపు తిరిగాడు.

"ఆయన నడుపుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండమ్మా."

"ఆ పని నాకు ఒకరు చెప్పాలా," అందామె.

వ్యాపారి నవ్వాడు. యజమాని నవ్వాడు. ముసలాయన నవ్వలేదు.

మూడు వారాలు బండిలో సుఖంగా గడిచాయి. మంచం మీద మాత్రం నొప్పి అలాగే ఉంది. రాత్రంతా దొర్లి, తెల్లారగానే బండెక్కి ఊపిరి పీల్చుకునేవాడు. కొట్టుకి చుట్టుదారిన వెళ్లేవాడు. రెండుసార్లు సిగ్నల్ దగ్గర వెనక బండ్లు హారన్ మోగిస్తే గానీ కదల్లేదు. ఏదో ఆలోచనలో ఉన్నానని భార్యతో అన్నాడు.

నాలుగో వారం, మధ్యాహ్నం భోజనం చేసి ఇద్దరూ ఊరి బయట గోడౌనుకి బయల్దేరారు. తిన్నని రోడ్డు. గోడౌను షట్టర్ ఎందుకు మార్చాలో దారిపొడవునా చెబుతున్న భార్యకి గొంతు ఎండింది. నీళ్ల సీసా మూత తిప్పుతూ ఒక్క నిమిషం మాట ఆపింది.

రోడ్డు వార ఆగి ఉన్న ట్రాలీ ఆమె వైపు నుంచి లోపలికి వచ్చింది.

వ్యాపారి ఒంటి మీద గీత కూడా పడలేదు.

తుక్కు కింద అమ్మడానికి బండిని అదే యార్డుకి లాక్కొచ్చారు. ముసలాయన అక్కడే ఉన్నాడు, చేతిలో పానాతో. ఆ సీటు ఒక్కటీ ఇప్పించమన్నాడు, ఎంతైనా ఇస్తానన్నాడు. వ్యాపారి తల ఊపాడు.

ముసలాయన సీటు కింద చెయ్యి పెట్టి, చూడకుండానే ఒక్కొక్క బోల్టూ విప్పసాగాడు.

"ఆ తల్లి ఎలా ఉంది?"

"నొప్పి లేదంటోంది." అన్నాడు వ్యాపారి. "నడుము కింద ఏమీ తెలియడం లేదు."

పానా ఆగింది.

మళ్లీ తిరిగి చివరి బోల్టు విప్పింది.

"బోల్టులు ఎక్కడున్నాయో మీకెలా తెలుసు?" అన్నాడు వ్యాపారి.

"బిగించింది నేనే." ముసలాయన సీటుని బయటికి తీసి, నేల మీద పెట్టి, గాజుపెంకులు చేత్తో దులిపాడు. "మావాడికీ ఇదే నొప్పి, నిద్ర ఉండేది కాదు. ఆరు సీట్లు పాడుచేసి వాడి నడుము కొలతకి ఇది కుట్టాను. కూర్చున్న మొదటిరోజే, నాన్నా, దీంట్లో నిద్రొస్తోంది అన్నాడు. మంచిదేరా అన్నాను."

అతను సీటుని భుజానికెత్తుకున్నాడు.

"తలుపు కోసి తీశారు వాణ్ణి."

వ్యాపారి డ్రైవరు వైపు తలుపు చూశాడు. దాని కొత్త రంగు మీద ఆ రోజు అతనికి మిగిలింది పదిహేను వేలు.