దోమతెరలో అవ్వ

"బంతి నా తెరకు తగిలిందంటే చూడండి మరి!" దోమతెర లోపలి నుంచి కేక పెట్టింది రెబెక్కమ్మ.

"మా అవ్వకు రెండో పెండ్లి! ముసుగు చూడండబ్బా!" అన్నాడు మనవడు టైటస్, వాలీబాల్ ఎగరేస్తూ.

తూపిలిపాలెం సముద్రపొడ్డున అందరూ పగలబడి నవ్వారు. నవ్వరా మరి? రెండు సరుగుడు చెట్ల మధ్య తాడు కట్టించి, దానికి తెల్లటి దోమతెర వేలాడదీయించి, అంచులన్నీ చాప కిందికి దోపి, నడుమన మహారాణిలా కూర్చుంది డెబ్బై రెండేళ్ల అవ్వ.

ఆరేళ్లు ఎదురుచూశాక మనవరాలు షారన్‌కు కడుపు పండింది. ఇప్పుడు ఐదో నెల. ఆ సంతోషంలోనే చిల్లకూరు నుంచి వ్యాను మాట్లాడుకుని ఇంటిల్లిపాదీ వచ్చారు. "అవ్వ వస్తేనే నేనొస్తా. చందమామ నీళ్లలోంచి లేచేటప్పుడు అవ్వ నా కడుపు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యాల" అని షారన్ మొండికేసింది. అవ్వ సరేనని మాటిచ్చింది.

మధ్యాహ్నమంతా అవ్వను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. చీర మోకాళ్ల దాకా ఎత్తి అలల్లో గంతులేసింది. చేపల పులుసులో మామిడికాయ పులుపు చాల్లేదని వంక పెట్టి రెండుసార్లు వడ్డించుకుంది. అన్నం తినగానే ఏదో మాత్ర వేసుకుంది. షారన్ భర్త రూఫస్‌కు గూడూరులో మందుల షాపు ఉంది. "ఏం మాత్రవ్వా, ఇటు చూపించు" అని చెయ్యి చాపాడు.

"బీపీదిలే నాయనా" అంటూ అవ్వ అట్టను నడుముసంచిలోకి తోసేసింది.

ఐదు దాటిందో లేదో, మనిషే మారిపోయింది. అందరినీ వరసగా నిలబెట్టింది. పొడుగు చేతుల చొక్కాలు తొడిగించింది. కాళ్లకు మేజోళ్లు వేయించింది. షారన్‌కు మటుకు డాక్టరమ్మ రాసిచ్చిన దోమల క్రీము చెవుల వెనకాల, మడమల దగ్గర కూడా పూయించింది. ఎండు వేపాకు పొగ పెట్టించింది. అంతా అయ్యాక తను తెరలో దూరింది.

"పది దినాల కిందట మనుబోలులో చెల్లెలింటికి పోయి వణుకుతా వచ్చిందే, అప్పట్నించీ పిరికిదైపోయింది" అన్నాడు టైటస్.

"ఎండ తగిల్తే వణుకు రాదంట్రా? ముందు నీ ఆట చూసుకో!" అని కసిరింది అవ్వ.

ఆట మాత్రం భలే రంజుగా సాగింది. ఒక వైపు టైటస్, ఇంకో వైపు రూఫస్. పద్నాలుగు, పద్నాలుగు. తెరలోంచి అవ్వ గొంతు చించుకుంటోంది. "రూఫసూ, ఎగురు! ఎగరరా నాయనా!"

టైటస్ గాల్లోకి లేచి బంతిని ఒక్క బాదు బాదాడు. అది గిర్రున తిరుగుతూ వచ్చి దోమతెరకే తగిలింది. తెర జానెడు చిరిగింది.

"ఓయమ్మో! పిన్నీసు! ఎవురన్నా పిన్నీసు ఇయ్యండి!" అవ్వ చిరుగును రెండు గుప్పిళ్లతో బిగించి పట్టుకుంది. అందరూ ఇసుకలో పడి దొర్లి దొర్లి నవ్వారు. షారన్ ఒక్కతే పిన్నీసు తీసుకుని పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు రాబాక మే! ఆడ పెట్టేసి దూరంగా పో!"

షారన్ చటుక్కున ఆగి, పిన్నీసు చాప అంచున పెట్టి వెనక్కి జరిగింది. అప్పుడే సముద్రం మీద చందమామ ఎర్రగా, పళ్లెమంత పెద్దగా పైకి లేస్తోంది.

"అవ్వా, చందమామ వొచ్చేసినాడు. రా."

"ఈడ నుంచే చేస్తానమ్మా ప్రార్థన."

"చెయ్యి పెడతానంటివే!" అంది షారన్. "నిండా కప్పుకుని మేమందరం బయటే ఉండాం గదా. నీ పానమొకటే తీపా?"

అవ్వ పిన్నీసు అందుకుని చిరుగు బిగించింది. తర్వాత నడుముసంచిలోంచి మాత్రల అట్ట తీసి తెరకు ఆనించి పట్టుకుంది. అందులో నాలుగు మాత్రలే మిగిలాయి. రూఫస్ వంగి, సెల్‌ఫోన్ వెలుగులో పేరు చదివాడు.

"అవ్వా, ఇవి బీపీవి కావే!"

"కావు నాయనా. ఆ వణుకు కూడా ఎండది కాదు. మలేరియా అంట. మాత్రలన్నీ అయ్యేదాకా పొద్దుగూకితే తెర దాటొద్దని మన ఊరి నర్సమ్మ మరీమరీ చెప్పింది."

"మాకెందుకు చెప్పలేదవ్వా?" షారన్ కళ్లు తుడుచుకుంది.

"చెప్పుంటే ఈ సముద్రం, ఈ ఆట ఉండేవా? నన్నొదిలి నువ్వు గడప దాటేదానివా?" అవ్వ తెరలోంచే మనవరాలి కడుపు వైపు చూసింది. "నన్ను దోమ కుడతాదని కాదు మే నా భయం.

నన్ను కుట్టిన దోమ నిన్ను కుట్టకూడదు."