పిల్లకాలువ నోట్లో వెదురు

“నూటికి మూడే మామా,” అంటూ డాక్టరు అరవింద్ కంప్యూటరు తెరను పిల్లనిచ్చిన మామ కోదండరామ వైపు తిప్పాడు. “మూడంటే లేనట్టే.”

తెర మీద నిన్న తీసిన యాంజియోగ్రాం ఆడుతోంది. గుండె మీది నాళాలు చెరువు కింది కాలువల్లా నల్లగా పాకుతున్నాయి. పెద్ద నాళం రెండుగా చీలే చోట మాత్రం ఎవరో నొక్కిపట్టినట్టు సన్నబడి ఉంది.

కోదండరామ కడంబత్తూరు పక్క చెరువుకు నలభై ఏళ్ళుగా నీరుగంటి. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చెప్పేది ఆయనే. గుండె సంగతి ఆయనకు తెలియదు గానీ, కాలువ చీలే చోటు గురించి తనకు చెప్పగలిగినవాడు తిరువళ్ళూరు జిల్లాలో లేడని నమ్మకం. అరవింద్‌కేమో రెండూ తనకే తెలుసని నమ్మకం. నాళం చీలిన కోణం, సన్నబడిన కొలత, వయసు, షుగరు వేస్తే చాలు, స్టెంటు పెట్టేటప్పుడు ఏదైనా చెడే అవకాశం నూటికి ఎంతో చెప్పే లెక్క ఒకటి అతనే కట్టాడు. అందుకు చెన్నైలో శాలువా కప్పారు. ఆ ఫోటో గోడ మీద వినాయకుడి పటం కంటే జానెడు పైన వేలాడుతోంది.

“చెడేదంటే ఏం చెడతాది?” అన్నాడు కోదండరామ.

“పెద్ద నాళంలో స్టెంటు విప్పినప్పుడు, గోడకున్న కొవ్వు పక్కకు జరిగి కొమ్మ నోరు మూయొచ్చు.”

“పెద్దకాలువలో సిమెంటు తూము దించితే ఒండ్రు పోయి పిల్లకాలువ నోట్లో పడతాది. దీనికి కంప్యూటరు దేనికయ్యా? నన్నడిగుంటే ఒక వక్కాకు నమిలేలోపల చెప్పుందును.”

“ఊరుకో మామా, సుమ్మా ఉండు. గుండె, చెరువు ఒకటేనా?”

“మేమైతే తూము దించకముందే పిల్లకాలువ నోట్లో వెదురు గడ గుచ్చిపెడతాము. ఒండ్రు పడినా గడ పట్టుకొని కదిలిస్తే నీళ్ళకు దారి దొరుకుతాది. మీకట్లాంటిదేం లేదా?”

“ఉంది. సన్న తీగ. ముందుగానే కొమ్మలోకి పంపి పెట్టొచ్చు.”

“మరి పెట్టరేం?”

“లెక్క అయిదు దాటితే పెడతాము. దాటకపోతే పెట్టము. తీగతో కూడా తంటాలుంటాయి, చిక్కుకోవచ్చు, తెగొచ్చు. ఆ అయిదు నేను గీసిన గీత మామా. ఇక్కడ అందరూ దాన్నే పాటిస్తారు.”

మాటలో గర్వం ఉంది గానీ, ఏసీ గదిలో అతని నుదురు చెమ్మగా మెరుస్తోంది. పొడుగు చేతుల చొక్కాను మణికట్టు దాకా లాక్కున్నాడు. అది మూడోసారి.

నర్సు ఏంజెలిన్ తలుపు సందులోంచి తొంగిచూసింది. “పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కదా?”

“నీళ్ళు కూడా లేవు,” అన్నాడు అరవింద్.

కోదండరామ ఎండిన పెదాలు తడుపుకున్నాడు. “నా కూతురికి చెప్పినావా?”

“యశస్వినికా? చెప్పలేదు. పొన్నేరిలో పిల్లోళ్ళకు పరీక్షలు జరిపిస్తాంది. వింటే ఏడుస్తా రైలెక్కుతాది. అంతా అయినాక చెప్దాము.”

“అదీ మంచిదేలే. చేసేదెవరు?”

“మా పెద్ద డాక్టరు ఉషా మేడం. ఈ కేసు నేను ముట్టుకోకూడదు.”

అరవింద్ కాగితాలు ముందుకు జరిపాడు. ఏం జరిగినా అది ఎవరి తప్పూ కాదని తమిళంలో నాలుగు పేజీల నిండా రాసి ఉంది. కోదండరామ పెన్ను పట్టుకున్నాడు గానీ కాగితం మీద పెట్టలేదు.

“తిరుత్తణి శివప్రకాశం పోయిన నెల నీ బల్ల మీదే కదా పడుకునింది? ఆయనకెంత చెప్పింది నీ పెట్టె?”

“నాలుగు.”

“తీగ పెట్టినావా?”

“అయిదు దాటలేదు కదా.”

“కొమ్మ మూసుకుపాయ. పదకొండు దినాలు ఐసీయూలో ఉండె. ఆయన పెళ్ళాం కాంచన వచ్చి అడిగితే ఏమంటివి?”

అరవింద్ కాగితాల అంచులు సరిచేశాడు.

“మర్చిపోయినట్టుండావు, నేను చెప్తా. ‘నూటికి నలుగురంటే, ఆ నలుగురూ ఎవరో ఉండాలి కదమ్మా’ అంటివంట. నిజమే. పాపం శివప్రకాశం, నీ లెక్క తప్పు కాకుండా కాపాడినాడు. ఆయనకు కూడా ఒక శాలువా కప్పుండాల్సింది.”

“ఇప్పుడా మాటలెందుకు మామా?”

“సుమ్మా అడిగినా. ఇప్పుడు ముగ్గురు కావాల. వాళ్ళు యాడుంటారో అని చూస్తాండా.”

అరవింద్ తెర వైపు తిరిగాడు. నాళం చీలిన చోట వేలు పెట్టి, అక్కడే ఉంచేశాడు. ఆ వేలికి ఉంగరం తీసిన తెల్లటి గీత ఉంది. ఆ చేత్తోనే ఫోను అందుకున్నాడు.

“మేడం, కొమ్మలో తీగ పెట్టేయండి... అవును, మూడే... తెలుసు మేడం, ఆ గీత నేను గీసిందే... అయినా పెట్టండి. ఒకటి చాలదనిపిస్తే రెండు పెట్టండి.”

ఫోను కింద పెట్టేదాకా ఆగి, కోదండరామ తమిళ అక్షరాల కింద తెలుగులో, నాటు వేసినంత నిదానంగా సంతకం చేశాడు.

“శివప్రకాశానికి నాలుగైనా అక్కర్లేదంటివి. ఈ పొద్దు మూడుకే కావాలంటాండావు. లెక్క మారిందా డాక్టరయ్యా?”

“లెక్క మారలేదు మామా.”

తలుపు తెరుచుకుంది. ఏంజెలిన్ స్ట్రెచర్ తోసుకొచ్చి గది మధ్యలో ఆపింది. దాని మీద ఆకుపచ్చ గౌను మడత పెట్టి ఉంది. కోదండరామ లేచి, కండువా భుజాన వేసుకొని, కుర్చీని గోడవైపు జరిపాడు.

మణికట్టుకు పేషెంటు పట్టీ ఉన్న చేత్తో అరవింద్ చొక్కా విప్పి, స్ట్రెచర్ మీద పడుకున్నాడు.