మిషన్ రిపేరు

సిరిసిల్ల బట్టల కంపెనీలో ఇప్పుడు లెక్కలన్నీ కంప్యూటరే నడుపుతుంది. కుట్టు పడేకొద్దీ కూలి ఖాతాలో జమవుతుంది. కుట్టు ఆగితే మాత్రం ఎందుకు ఆగిందో అకౌంటెంటు రుక్మిణి చెప్పాలి. మిషన్ వల్ల ఆగితే ఫరవాలేదు, మనిషి వల్ల ఆగితే కూలి కోత.

ఆ మధ్యాహ్నం సుగుణ మిషన్ ఆగింది. రుక్మిణి వెళ్లి చూస్తే, సుగుణ సగం కుట్టిన చొక్కాలో మొహం దాచుకుని ఏడుస్తోంది. ఆమె తల్లి పోయి వారం కూడా కాలేదు.

"జరసేపు కూసోనియ్యి అక్కా," అంది.

రుక్మిణి తెర మీద 'మిషన్ రిపేరు' నొక్కింది. వెంటనే మెకానిక్ ఓదెలును కంప్యూటరు పంపింది. అతను సుగుణను చూసి, మిషన్ జోలికి పోకుండా స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

"ఆయిల్ పోసినమని రాయి అక్కా," అన్నాడు మెల్లగా.

రుక్మిణి అలాగే రాసింది. ఆయిల్ ఖర్చయిందనుకుని కంప్యూటరు కొత్త సీసాకు ఆర్డరు పెట్టింది, డబ్బు కట్టేసింది.

సాయంత్రం సీసా వచ్చింది. రుక్మిణి దాన్ని తీసుకెళ్లి స్టోరు గది తలుపు తీసింది. అరల నిండా మూత తీయని ఆయిల్ సీసాలే. దీన్ని ఎక్కడ పెట్టాలో తోచక, చివరికి నేల మీదే పెట్టింది.