తలుపు తియ్యమన్న మనిషి

ఆస్పత్రిలో నెట్‌వర్క్ చూసే మేడమ్‌కి అనుమానం పుట్టుకతో వచ్చింది. వెనకాల అందరూ ఆమెను 'తాళంకప్ప' అంటారు.

కంప్యూటర్లన్నిటినీ పాత ఇంటర్నెట్ అడ్రసుల నుంచి కొత్త అడ్రసులకు నిన్ననే మార్చింది. మార్చీ మార్చగానే, బయటి నుంచి వచ్చే కబుర్లన్నిటికీ తలుపులు బిగించేసింది.

పై అంతస్తులో వాళ్ల నాన్న ఉన్నాడు. తలలో గడ్డ. సాయంత్రానికి తీసెయ్యకపోతే మనిషి దక్కడన్నారు. పక్క ఊరి పెద్ద డాక్టరు స్కాన్ చూసి, సరేనంటే వచ్చి తీస్తారు. పొద్దున్నే స్కాన్ పంపేశారు.

ఫోన్ మోగింది. కొత్త గొంతు.

"మీ దగ్గర్నుంచి చిన్న మెసేజ్‌లు వస్తున్నాయండీ. పెద్ద ఫైళ్లే మధ్యలో ఆగిపోతున్నాయి."

"అయితే?"

"'ఇది పెద్దది, ముక్కలు చేసి పంపు' అని దారిలోంచి కబురొస్తుందట. కొత్త పద్ధతిలో ఆ కబురు మీకు చేరాలట. దాన్నీ ఆపేశారని మావాళ్లంటున్నారు. ఆ ఒక్క తలుపూ తియ్యండి."

"ఎవరు మీరు?"

"ఆస్పత్రి నుంచేనండీ."

"దొంగలందరూ అదే చెప్తారు!"

ఠక్కున పెట్టేసింది. తలుపు తియ్యమంటాడా! గుండెలు తీసిన బంటే! ఆ నంబరును కూడా బ్లాక్ చేసేసింది.

మధ్యాహ్నం ఆమె గది తలుపు ఎవరో దబదబా బాదారు. తీస్తే, చెమటలు కక్కుతూ ఒక బక్కపల్చటి మనిషి.

"అమ్మా, మీ కంప్యూటర్లో ఒక ఫైలు చూడాలి. పొద్దున ఫోన్ చేసింది నేనే."

వీడి ధైర్యం తగలెయ్య! వెతుక్కుంటూ నా గదికే వచ్చేశాడు!

"కార్డేదీ?"

"హడావుడిలో మర్చిపోయానమ్మా. ఒక్క నిమిషం..."

"కార్డు లేనివాళ్లతో నాకు మాటల్లేవు. సెక్యూరిటీ!"

తలుపు లాగింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఇంకా గట్టిగా లాగింది.

ఇనప తలుపు. కెవ్వుమన్నాడు.

కుడిచేతికి రుమాలు చుట్టుకున్న అతన్ని గార్డు రెక్క పట్టుకుని తీసుకుపోయాడు. మంచి శాస్తి జరిగిందనుకుంది.

అంతలో అక్క మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది.

"ఆయన వచ్చారుటే? తిన్నగా నీ గదికే వస్తానన్నారు!"

"ఎవరక్కా?"

"పెద్ద డాక్టరుగారే! స్కాన్ ఎంతకీ రావట్లేదని, ఇక్కడే చూసుకుని ఆపరేషన్‌కి వెళ్లిపోతానని ఉన్నపళంగా బయల్దేరారట. నాన్న అదృష్టమే! ఆ గడ్డ తియ్యగల చెయ్యి ఈ చుట్టుపక్కల ఆయనదొక్కటేనట."

ఆమె కిటికీలోంచి కిందికి చూసింది.

గేటు పక్కన అరుగు మీద డాక్టరుగారు కూర్చుని, రుమాలు విప్పి, వంగని వేళ్లను ఒక్కొక్కటే వంచాలని చూస్తున్నారు.